అప్పూకి చెప్పి వెళ్ళాలి

కెల్లీవిల్, సిడ్నీ
ఫిబ్రవరి 22

వదినా,

ఆపరేషన్ బాగా జరిగిందని, మీరు ఇంటికొచ్చేశారని అన్నయ్యగారు మెసేజ్ పెట్టారు. గాల్ బ్లాడర్ తీసేసిన మర్నాడే నర్సుని కూర్చోబెట్టి పళ్ళు ఎలా తోముకోవాలో చెప్పారట. మత్తు దిగాక పళ్ళ డాక్టరుకి ముందు కనిపించేవి ఎదుటివాళ్ళ పళ్ళే కాబోలు.

ఫోన్ మానేసి ఈ ఈమెయిల్ ఏమిటా అనుకుంటున్నారేమో. ఫోన్ చేస్తే మీ పక్కన అత్తయ్య, నా వెనకాల అప్పూ. ఒకరి గొంతు ఒకరు విన్నారంటే మన కష్టమంతా వృథా. కొన్నాళ్ళు ఇలా ఉత్తరాలే రాసుకుందాం. తెలుగులో టైప్ చెయ్యడం ఇప్పుడిప్పుడే వేళ్ళకి అలవాటవుతోంది, తప్పులుంటే సరిపెట్టుకోండి.

మీ దగ్గరికి అత్తయ్య ప్రయాణం అనుకున్నట్టే జరిగింది. ముందు రోజే సూట్‌కేసు గరాజ్‌లో దాచేశాం. పోయిన వారం గురువారం నేను అప్పూని స్కూల్లో దింపి రాగానే మీ తమ్ముడు కారు తీశారు. పిల్ల చూసిందంటే కాళ్ళకి చుట్టుకుపోయేది, ఈవిడ విమానం ఎక్కేవారు కాదు. అత్తయ్య పోయిన జూన్‌లో ఇండియా నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అది ఆవిడ ఒళ్ళోనే పెరిగింది కదా. మా అమ్మా అంతే చేసేది. ఊరెళ్ళాలంటే మమ్మల్ని ఆటలో పెట్టి దొడ్డిదారిన వెళ్ళిపోయేది. అందరిళ్ళలో జరిగేదే.

సాయంత్రం స్కూల్ నుంచి వస్తూనే గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు వైపు చూసింది. నానమ్మ ఏదని అడిగింది. గుడికెళ్ళింది, వచ్చేస్తుంది అన్నాను. ఇల్లంతా ఓసారి తిరిగి వచ్చి సోఫాలో కూర్చుంది. అంతే వదినా, ఏడవలేదు, మళ్ళీ అడగలేదు. బుజ్జగించడానికి హారిస్ పార్క్‌లో మనవాళ్ళ కొట్టు నుంచి మీ తమ్ముడు తెచ్చిన జిలేబీలు మేమే తిన్నాం.

పైగా ఎంత బుద్ధిమంతురాలైందో చూడాలి మీరు. పెట్టింది తింటోంది. జడ వేస్తే కదలదు, మెదలదు. అత్తయ్య ఉన్నప్పుడు జడ వేసుకోవడమంటే కురుక్షేత్రమే కదా. కిండర్‌గార్టెన్‌లో చేరి మూడు వారాలు కాలేదు, పిల్ల ఇలా మారిపోయిందని మీ తమ్ముడు తెగ మురిసిపోతున్నారు.

మతి చెడింది నాకే. నా ఆఫీసు బూట్లలో ఎడమకాలిది పొద్దున్న కనిపించదు, సాయంత్రానికి స్టాండులోనే ఉంటుంది. రోజూ హడావిడిగా వేరే జత తొడుక్కుని పరిగెడుతున్నాను. మీరు బరువులెత్తకండి.

మీ మరదలు
వసుంధర


క్రెయిగీబర్న్, మెల్బోర్న్
మార్చి 1

వసుంధరా,

నీ బూటు సంగతి చదివి నవ్వితే కుట్లు లాగాయి. ఇంకెప్పుడూ నాకు నవ్వొచ్చేవి రాయకు. రాయకుండా ఉండకు కూడా.

ఇక్కడ నేను రాణీవాసంలో ఉన్నాను. అమ్మ నన్ను మంచం దిగనివ్వడం లేదు. నూనె లేని కూరలు, చారు, పెరుగన్నం. నాకు వండింది నచ్చక వదిలేస్తే మీ అన్నయ్యగారు, ఆయనకి వండింది మొత్తం మా వెంకీ తింటున్నారు. యూనివర్సిటీకి వెళ్ళేవాడు పొద్దున్న లేవడమే ఎరగడు, ఇప్పుడు నానమ్మ వేసే దోసెల కోసం ఏడింటికే టేబుల్ దగ్గర హాజరు. వాడికి అమ్మమ్మ కదా, అయినా అప్పూ పిలుపు విని విని వీడూ నానమ్మ అనే అంటున్నాడు.

అమ్మ బాగానే ఉంది. దిగులు పడకు.

వీడియో కాల్ మాత్రం ఇప్పుడే వద్దు. మొహం చూస్తే పిల్ల బెంగ పెట్టుకుంటుంది. రెండు మూడు వారాలు గడిస్తే అదే మర్చిపోతుంది, చిన్న పిల్లలకి ఎంతసేపు గుర్తుంటుంది చెప్పు. గుడికెళ్ళింది అన్నది ఎన్నాళ్ళు సాగుతుందో చూసి తర్వాత ఇండియా వెళ్ళిందని చెప్పెయ్యండి. ఎలాగూ జూన్‌లో వీసా అయిపోతే వెళ్ళేదే కదా.

నా మేనకోడలు బుద్ధిమంతురాలు కావడంలో వింతేముంది. మేనత్త పోలిక.

రత్నకుమారి


కెల్లీవిల్
మార్చి 17

వదినా,

ఇది చదివి అత్తయ్యతో అనకండి. ముందే మాట తీసుకుంటున్నాను.

రెండు వారాలుగా అప్పూకి రోజూ పొద్దున్నే కడుపునొప్పి. యూనిఫాం వేస్తుంటే మొదలవుతుంది. స్కూల్ గేటు దగ్గర నా చేతిని పట్టుకుంటే వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి టీచరుకి అప్పగించి రావాలి. శనాదివారాలు ఏ నొప్పీ లేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పొట్టంతా నొక్కి చూసి ఏమీ లేదన్నారు. టీచరుని అడిగితే వెరీ క్వైట్, వెరీ గుడ్ గర్ల్ అంటుంది. మూడో ఏటనే మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను.

మీ తమ్ముడిది ఒకటే మాట, స్కూల్లో ఎవరో ఏడిపిస్తున్నారని. నాకేమో దిష్టి అనిపించింది. ఇంటికొచ్చిన వాళ్ళందరూ ఎంత మంచి పిల్లో అంటుంటే తగలదా మరి. నిన్న ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యి మీద వేశాను. పొగ లేచి స్మోక్ అలారం అందుకుంది. ఆగితేనా. ఎదురింటావిడ తోటపని వదిలేసి మట్టి చేతులతో పరిగెత్తుకొచ్చింది. ఆవిడకి ఏం చెప్పాలో తెలియక వంట మాడిందన్నాను. అంతా సద్దుమణిగాక చూస్తే అప్పూ టేబుల్ కింద దూరి సారీ, సారీ అంటోంది. నువ్వేం చేశావే, సారీ ఎందుకే అని ఎంత అడిగినా చెప్పలేదు. ఆ దిష్టి ఎవరికి తీశానో ఏమో, నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

ఆఫీసులో లుబ్నా అని కర్నూలు అమ్మాయి ఉంది, మీకు చెప్పాను. వాళ్ళబ్బాయికి ఇలాగే అయితే స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడించిందట. చిన్నగా ఉన్నప్పుడే అడగబట్టి నాలుగు నెలల్లో సర్దుకున్నాడు అక్కా, హైస్కూల్‌దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో అంటోంది. మీ తమ్ముడితో అంటే ఇంతెత్తున లేచారు. అయిదేళ్ళ పిల్లకి మతికి డాక్టరా అని. మీరేమంటారు?

వసుంధర


క్రెయిగీబర్న్
మార్చి 21

వసుంధరా,

నువ్వు ముందు కంగారు తగ్గించుకో. స్కూల్లో చేరిన కొత్తలో ఏ పిల్లకైనా ఇంతే. వెంకీ మొదటి ఏడాదంతా గేటు పట్టుకుని వేలాడాడు, ఇప్పుడు ఇంటికి రమ్మంటే రాడు. పొద్దున్న గోరువెచ్చటి వాము నీళ్ళు పట్టించు. రాత్రి పాలు తొందరగా ఇచ్చెయ్.

కౌన్సెలర్ విషయంలో నాదీ మా తమ్ముడు శ్రీపతి మాటే. ఆ అమ్మాయి మంచికే చెప్పి ఉంటుంది, కానీ మనవాళ్ళ సంగతి నీకు తెలుసు. ఒక పాట్‌లక్ భోజనాల్లో ఒకావిడ చెవిన పడితే చాలు, పెళ్ళీడుకి కూడా ఆ మాట దాన్ని వదలదు. నువ్వూ, నేనూ, శ్రీపతీ ముగ్గురు పెద్దవాళ్ళున్నాం, మనకి చేతకానిది ఆ కౌన్సెలర్‌కి ఏం తెలుస్తుంది.

అమ్మకి చెప్పలేదు. అమ్మ బాగుంది.

ఈ ఉత్తరం కాస్త కరుకుగా ఉంటే ఏమీ అనుకోకు. మళ్ళీ క్లినిక్‌కి వెళ్తున్నాను, నిలబడితే నడుం లాగుతోంది.

రత్నకుమారి


కెల్లీవిల్
ఏప్రిల్ 4

వదినా,

నా బూటు దొరికింది.

నిన్న మధ్యాహ్నం టీచరు ఫోన్ చేసి పికప్‌కి కాస్త ముందు రమ్మంది. భయపడుతూ వెళ్ళాను. క్లాసు బయట బెంచీ మీద కూర్చోబెట్టి, అప్పూ స్కూల్ బ్యాగులోంచి ఒక లైబ్రరీ సంచీ తీసింది. అందులో నా నల్ల బూటు, ఎడమకాలిది. ఇది మీదేనా అని అడిగింది. రోజూ ఏదో ఒకటి తెస్తోందట. బూటో, చెప్పో, ఒక్క కాలిది. మిగతా పిల్లలు ఆడుకోవడానికి వెళ్ళినప్పుడు ఇది బ్యాగు జిప్పు తీసి అది ఉందో లేదో చూసుకుని మళ్ళీ మూసేస్తుందట. మొదట్లో ఏదో ఆట అనుకుందట టీచరు. ఆట కాదని ఆమెకే అర్థమై పిలిచింది.

కారులో అడిగాను. కోప్పడకుండా అడగడానికి ఎంత ఓపిక పట్టానో. కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"షూస్ లేకపోతే నువ్వెళ్ళలేవు కదా."

నేనెక్కడికి వెళ్తానే అన్నాను. "నానమ్మ షూస్ గాన్. ఐ వెంట్ టు స్కూల్ అండ్ షీ వాజ్ గాన్."

కారు పక్కకి ఆపేశాను వదినా. ఏడుపు ఆగలేదు. పిల్ల ఆ రోజు గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు చూసిందని నేనే మీకు రాశాను. అత్తయ్య చెప్పులు అక్కడ లేకపోవడం చూసే దానికి తెలిసిపోయింది. గుడికెళ్ళింది అన్న నా మాట అది ఒక్క నిమిషం కూడా నమ్మలేదు. తను స్కూలుకి వెళ్తే ఇంట్లోవాళ్ళు మాయమైపోతారని దాని లెక్క. అందుకని రోజంతా అక్కడ కూర్చుని నన్ను కాపలా కాస్తోంది. దానికి కడుపునొప్పి రాకపోతే ఎవరికి వస్తుంది?

మీ తమ్ముడికి చెప్పాను. ఆ బూటు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. కౌన్సెలర్‌కి సరేనన్నారు, నేను మళ్ళీ అడగక్కర్లేకుండానే.

పిల్లకి నేను ఏం చెప్పాలి? గుడి నుంచి నానమ్మని ఎలా తీసుకురావాలి? మీరేదో ఒకటి చెప్పండి.

వసూ


క్రెయిగీబర్న్
ఏప్రిల్ 6

వసూ,

నీ ఉత్తరం క్లినిక్‌లో చదివాను. మధ్యలో పేషెంటుని పిలవమంటారా అని అడిగారు, కాసేపు ఆగమన్నాను.

నా దగ్గరికి రోజూ చిన్నపిల్లలు వస్తారు. సూది వెయ్యాల్సి వస్తే వాళ్ళమ్మ పక్కనుంచి నొప్పి ఉండదు బంగారం, ఏం చెయ్యరు అంటుంది. నేను వెంటనే ఆపేస్తాను. లేదమ్మా, చీమ కుట్టినట్టు ఉంటుంది, నేను మూడు లెక్కపెడతాను, అప్పుడు గుచ్చుతాను, నీకు ఏడుపొస్తే ఏడువు అని పిల్లకే చెబుతాను. ఒక్కసారి అబద్ధం చెప్పి గుచ్చితే ఆ పిల్ల నాకే కాదు, ఇంకే డాక్టరుకీ నోరు తెరవదు. పందొమ్మిదేళ్ళుగా ఊరి పిల్లలందరికీ చేస్తున్న పని. నా మేనకోడలి దగ్గరికొచ్చేసరికి దొడ్డిదారిన పంపించండి, ఫోన్ చూపించకండి, మర్చిపోతుంది అని సలహాలిచ్చాను. నా మీద నాకే ఒళ్ళు మండిపోతోంది.

అమ్మ బాగుందని నీకు రెండుసార్లు రాశాను. బాగాలేదు. మధ్యాహ్నం మూడవగానే గడియారం చూసి, స్కూల్ వదిలేశారు అంటుంది. తన పళ్ళెంలో అన్నం కెలికి లేచిపోతుంది. నీకు చెబితే అప్పూకి చేరుతుందని దాచాను. ఇద్దరినీ ఒకరికోసం ఒకరిని ఏడిపించి, మధ్యలో మనం ఉత్తరాలు రాసుకుంటూ కూర్చున్నాం.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. మాట తప్పాను, తిట్టుకో. బూటు దగ్గరికి వచ్చేసరికి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఒకటే అడిగింది, ఆదివారం పిల్ల ఎన్నింటికి లేస్తుంది అని.

ఆదివారం పదింటికి ఫోన్ చేస్తాం. ముందుగా నువ్వు అప్పూకి నిజం చెప్పెయ్. నానమ్మ గుడికెళ్ళలేదు, అత్త ఇంట్లో ఉంది, మేం నీకు చెప్పకపోవడం తప్పు అని. నీ నోటితోనే చెప్పాలి. శ్రీపతి పక్కనుంటే మంచిది.

వదిన


కెల్లీవిల్
ఏప్రిల్ 15

వదినా,

ఆదివారం ఫోన్ మీరు పట్టుకున్నారు కానీ కాసేపటికే వంటింట్లోకి వెళ్ళిపోయారని తెలుసు. అందుకే మీరు చూడనిది రాస్తున్నాను.

మొదట పావుగంట అప్పూ అత్తయ్య వంక చూడలేదు. దిండులో మొహం పెట్టుకుని పడుకుంది. ఆవిడ పాపం వంకాయ కూర దగ్గర్నుంచీ వెంకీ గడ్డం దాకా అన్నీ చెబుతున్నారు. ఉన్నట్టుండి తలెత్తింది.

"నానమ్మా, ఆర్ యూ స్టిల్ మ్యాడ్ ఎట్ మీ?"

అత్తయ్యకి అర్థం కాలేదు. నేను తెలుగులో చెప్పాను. కోపమెందుకే అని అడిగితే అది చెప్పింది, అప్పుడు నాకూ అర్థమైంది. ఆ గురువారం పొద్దున్న అత్తయ్య జడ వేస్తూ చిక్కు లాగితే, ఇది గట్టిగా గో అవే నానమ్మా, గో అవే అని అరిచిందట. నేను టిఫిన్ డబ్బా సర్దుతున్నాను, వినే ఉంటాను, పట్టించుకోలేదు. సాయంత్రం వచ్చేసరికి నానమ్మ లేదు. తను పొమ్మంటే పోయింది అనుకుంది. ఈ రెండు నెలలూ అందుకే అన్నం పెట్టింది పెట్టినట్టు తినడం, జడకి కదలకుండా కూర్చోవడం. మేం నలుగురికీ చెప్పుకుని మురిసిపోయిన బుద్ధిమంతురాలు అదీ.

అత్తయ్య ఏమన్నారో మీకు చెప్పి ఉండరు. "జుట్టు లాగితే ఎవరైనా పొమ్మంటారే పిచ్చితల్లీ. నువ్వు పొమ్మంటే పోయేదాన్నా నేను. మీ అత్తకి ఒంట్లో బాగాలేదు, అన్నం వండిపెట్టడానికొచ్చాను. నీకు చెప్పకుండా రావడం మాదే తప్పు, నీది కాదు" అన్నారు. అప్పుడు ఏడ్చింది వదినా. రెండు నెలల ఏడుపు ఒక్కసారే ఏడ్చింది. మీ తమ్ముడు లేచి బయటికెళ్ళి, పువ్వు ఒక్కటి లేని మొక్కలకి నీళ్ళు పోశారు.

కౌన్సెలర్ చాలా చిన్న అమ్మాయి, వెంకీ కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. అప్పూతో విడిగా ఆడుకుంది, తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టింది. ఈ వయసు పిల్లలు తమ వల్లే అన్నీ జరిగాయనుకుంటారట, అది బయటికి చెప్పరట. అలా లోపల పెట్టుకున్నది పెద్దయ్యే కొద్దీ ఇంకో రూపంలో వస్తుంది, ఇప్పుడే పట్టుకున్నారు కాబట్టి తేలిగ్గా సర్దుకుంటుందనే అనుకుంటున్నాను అంది. మందులూ మాకులూ ఏమీ లేవు. ఎవరు ఎక్కడికి వెళ్తున్నా ముందు చెప్పండి, ఎప్పుడొస్తారో తెలిస్తే చెప్పండి, తెలియకపోతే తెలియదని చెప్పండి, చెప్పిన మాట తప్పకండి అంది. ఏడిస్తే ఆపకండి అని రెండుసార్లు అంది. ఇద్దరం తలలూపి వచ్చాం.

ఇక అసలు సంగతి. జూన్‌లో అత్తయ్య టికెట్ మెల్బోర్న్ నుంచి ఉంది. దాన్ని సిడ్నీకి మార్చండి. వెళ్ళే ముందు పది రోజులు ఇక్కడుండి, అప్పూ చూస్తుండగా, అప్పూకి చెప్పి వెళ్ళాలి. లేకపోతే నానమ్మ ఫోన్లోంచి కూడా మాయమైందంటుంది.

వసూ


క్రెయిగీబర్న్
మే 2

వసుంధరా,

నువ్వు అడిగినది అమ్మకి చెప్పాను. రానంటోంది. ఫోన్లో చెబుతాగా, అది చాలదా అంటోంది. నిన్న శ్రీపతి కూడా ఫోన్ చేశాడు. ఇప్పుడిప్పుడే స్కూలుకి కుదురుగా వెళ్తోంది, మళ్ళీ తీసుకొచ్చి మళ్ళీ పంపించి పుండు రేపడమెందుకక్కా అన్నాడు. ఆ మాటా కొట్టిపారేయలేం కదా.

ఎయిర్‌పోర్టులో అందరి ముందూ పిల్ల ఏడిస్తే ఈవిడకి బీపీ. విమానంలో ఒక్కత్తే కూర్చోవాలి. నాకూ మెల్బోర్న్ నుంచే పంపడం మేలనిపిస్తోంది. కౌన్సెలర్ చెప్పినట్టు ముందు చెబుదాం, ఫోన్లోనే చెబుదాం. ఆలోచించు.

రత్నకుమారి


కెల్లీవిల్
మే 3

వదినా,

ఆలోచించాను.

పిల్ల ఏడిస్తే పిల్లకేమీ కాదు. ఏడవకుండా రెండు నెలలు ఉంటే ఏమైందో చూశాం. చూడలేనిది మనం. మీరూ, అత్తయ్యా, నేనూ, మీ తమ్ముడూ. దాన్ని ఏడవనివ్వకపోవడం దానికోసం అని ఇంకెవరూ నాతో అనకండి.

అత్తయ్య పెద్దావిడ, రమ్మని బలవంతం చెయ్యను. కానీ రాకపోతే అప్పూకి నిజమే చెబుతాను. నానమ్మకి నిన్ను చూస్తే ఏడుపొస్తుందని భయం, అందుకే నీకు బై చెప్పకుండా ఇండియా వెళ్ళిపోతోంది అని. నా నోట ఆ మాట రాకపోతే ఫోన్ మీకిస్తాను, మీరు చెప్పండి. మూడు లెక్కపెట్టి చెప్పండి.

మీతో ఇలా మాట్లాడటం ఇదే మొదటిసారి. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ టికెట్ మార్చి తిట్టండి.

నిన్న జడ వేస్తుంటే నా చెయ్యి గిల్లి, యూ ఆర్ హర్టింగ్ మీ అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

వసుంధర


క్రెయిగీబర్న్
మే 7

మరదలు పిల్లా,

నన్నింత మాట అన్నవాళ్ళు ఇన్నేళ్ళలో లేరు. మీ అన్నయ్యగారు అనాలని ప్రయత్నించి మానేశారు. ఆయనకి నీ ఉత్తరం చదివి వినిపిస్తే పేపరు చాటున నవ్వుకున్నారు, నేను చూశాను.

అమ్మకీ వినిపించాను. గిన్నెలు కడుక్కుంది, బట్టలు మడతపెట్టుకుంది. సాయంత్రం వచ్చి, నేను చెబుతాను, నువ్వు టైప్ కొట్టు అంది. ఇక్కడినుంచి అమ్మ మాటలు, నావి కావు.

అమ్మా వసుంధరా, నాకు ఎవరి ఏడుపూ చూసే ధైర్యం లేదు. నలుగురిలో గట్టిదాన్ననుకుంటారు గానీ కాదు. నువ్వు రాసింది నిజం, పిల్ల కోసం అని చెప్పి నా కోసమే వెళ్ళిపోయాను. నేను వస్తున్నాను. పది రోజులుండి ఊరెళ్ళిపోతానని అప్పూకి ఇప్పుడే చెప్పు. వచ్చాక నెమ్మదిగా చెబుదాంలే అనుకుంటే నాకు మళ్ళీ నోరు పెగలదు. అబ్బాయికి కూడా చెప్పు, వాడి ఏడుపు కూడా చూడాల్సి వస్తుందేమో.

అమ్మ మాటలు అయిపోయాయి. టికెట్ మార్చాను. తిట్టడం మర్చిపోయాను, వచ్చినప్పుడు చూసుకుందాం.

వదిన


కెల్లీవిల్
జూన్ 17

వదినా,

అత్తయ్య క్షేమంగా ఇల్లు చేరారు. దిగగానే ఫోన్ చేస్తానని అప్పూకి మాటిచ్చారు కదా, సామాను ఇంకా బెల్టు మీద తిరుగుతుండగానే చేశారు. మీకు ఆ తర్వాత చేశారట. వరస మారిందని అలగకండి.

ఆదివారం సంగతి ఫోన్లో సగమే చెప్పాను. పిల్లకి నెల పైనుంచే తెలుసు. పొద్దున్న తనే సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు వేయించింది. నేను అనవసరంగా హడిలిపోయాననుకున్నాను. ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్ళే గేటు దాకా చేయి పట్టుకుని ఎగురుతూ నడిచింది. గేటు చూసేసరికి అర్థమైంది. అత్తయ్య చీర రెండు చేతుల్తో పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది వదినా. జనమంతా తిరిగి చూస్తున్నారు. మీ తమ్ముడు దాన్ని ఎత్తుకుని పక్కకి తీసుకుపోవాలని వంగారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

అత్తయ్య ఏం చేశారనుకున్నారు, మోకాళ్ళ నొప్పులావిడ కిందే చతికిలబడ్డారు, సిడ్నీ ఎయిర్‌పోర్టు నేల మీద. దాన్ని ఒళ్ళోకి లాక్కుని, ఏడుపొస్తే ఏడువమ్మా, నేనూ ఏడుస్తున్నాగా అన్నారు. ఇద్దరూ ఏడ్చారు. ఎవరూ ఎవరినీ ఊరుకోమనలేదు. మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగింది. మామూలుగా అయితే మనం రేపే వచ్చేస్తా అంటాం. ఆవిడ మాత్రం, "తెలియదే తల్లీ. టికెట్ కొన్నప్పుడు మీ నాన్న కంటే ముందు నీకే చెబుతాను" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు, దాని కళ్ళు తుడిచారు. మేమిద్దరం చెరో చెయ్యి అందిస్తే లేచారు. వెళ్ళొస్తాను అప్పూ అని, దానికి చెప్పి వెళ్ళారు. కనిపించినంతసేపూ చూసింది. కారులో నిద్రపోయింది.

సోమవారం స్కూలుకి పోనంది. మీ తమ్ముడే సెలవు పెట్టి ఇంట్లో ఉన్నారు. ఇద్దరూ రోజంతా ఏం చేశారో తెలియదు, నేను వచ్చేసరికి హాలంతా కాగితం విమానాలే.

ఈరోజు పొద్దున్న తీసుకెళ్ళాను. గేటు దాకా నా చెయ్యి వదల్లేదు. నాకు లోపల గుబులుగానే ఉంది, వేళ్ళు విడదీయాల్సి వస్తుందేమోనని. గేటు దగ్గర తనే ఆగింది. నావైపు తిరిగి, తలెత్తి, అచ్చం అత్తయ్యలా కళ్ళలోకి చూసింది.

"అమ్మా, ఐయామ్ గోయింగ్ నౌ. ఏడుపొస్తే ఏడువు, ఇట్స్ ఓకే. త్రీ ఓ క్లాక్‌కి వచ్చేస్తా."

నా చెయ్యి తనే వదిలి లోపలికి వెళ్ళిపోయింది. నేను కారులో కూర్చుని అది చెప్పినట్టే చేశాను. ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని మెసేజ్ పెట్టి మీకిది రాస్తున్నాను. ఈరోజు పికప్‌కి మీ తమ్ముడిని పంపను, నేనే వెళ్తాను.

వసూ